మంచుపై నడక, మంచులో నిద్ర: హిమాలయ అడవిలో చలికాలపు శిబిరం మనిషిని ఏమడుగుతుంది?

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రీ ఒక చిన్న కొండ ఊరు. దేహ్రాదూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీల మీదుగా సుమారు 200 కిలోమీటర్ల దూరం. కొండదారి కావడంతో ప్రయాణానికి పగలంతా పడుతుంది. ఒకప్పుడు మంచు కురవడం మొదలయ్యాక ఆ ఊళ్లో పరాయి మనిషి కనిపించడమే అరుదు. ఇప్పుడు డిసెంబరు, జనవరి నెలలే అక్కడ రద్దీకాలం. దేశం నలుమూలల నుంచి వచ్చే ఆ యాత్రికుల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల నుంచి వెళ్లే తెలుగు యువతీయువకులూ ఉంటారు. వారిలో చాలామందికి మంచును చేత్తో తాకడం అదే మొదటిసారి.

వారి గమ్యం కేదార్‌కాంఠా. సముద్రమట్టానికి సుమారు 3,810 మీటర్ల ఎత్తున్న ఈ శిఖరానికి సాంక్రీ నుంచి దేవదారు, పైన్, ఓక్ వృక్షాల అడవి గుండా నాలుగైదు రోజుల్లో వెళ్లిరావచ్చు. రెండు మూడు రాత్రులు మంచుపై వేసిన గుడారాల్లో గడుస్తాయి. నిర్వాహకుల ప్రకటనల్లో ఈ దారికి ‘సులభం’ అనో, ‘కొత్తవారికి అనువైనది’ అనో ముద్ర ఉంటుంది. ఆ మాట అబద్ధమేమీ కాదు. అయితే అది కొలిచేది దారి వాలును, నడక దూరాన్ని. చలిని, తడిని, వాతావరణం మారే వేగాన్ని అది కొలవదు.

ఆ తేడా ఎంత ప్రాణాంతకం కాగలదో 2024 జూన్‌లో సహస్రతాల్ యాత్ర చూపింది. అదే ఉత్తరకాశీ ప్రాంతంలో, కర్ణాటకకు చెందినవారే అత్యధికంగా ఉన్న 22 మంది బృందం మంచుతుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు, 13 మందిని రక్షించగలిగారు. క్యాలెండరు ప్రకారం అది వేసవి. వేసవిలోనే అలా జరిగినప్పుడు, నిండు చలికాలంలో మంచుపై నడిచి మంచులోనే పడుకొనే యాత్రకు సిద్ధం కావడమంటే ఏమిటో వెళ్లే ముందే తెలుసుకోవాలి.

మంచు అంటే ఒక్కటే కాదు

తెలుగులో మంచు అనే మాట చాలా బరువు మోస్తుంది. సంక్రాంతి వేకువన గడ్డిపరకపై నిలిచే బిందువూ మంచే, రహదారిని కమ్మేసే పొగా మంచే, చెరకురసంలో వేసే గడ్డా మంచే, హిమాలయాలపై కురిసేదీ మంచే. మైదానంలో బతికేవారికి ఇంతకుమించి అవసరం రాలేదు. మంచుపై నడవాల్సిన మనిషికి మాత్రం దాని రకాన్ని బట్టే ప్రతి అడుగూ మారుతుంది.

అప్పుడే కురిసిన పొడి మంచులో అధికభాగం గాలే. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోలు తూగితే, అంతే పరిమాణంలోని తాజా మంచు 50 నుంచి 100 కిలోలే ఉంటుంది. కొన్ని రోజులకు తన బరువుకు తానే కుదించుకుపోయి 200, 300 కిలోలకు చేరుతుంది. పగటి ఎండకు పైపొర కాస్త కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టిందంటే గాజుపలక తయారవుతుంది. తాజా మంచులో కాలు దిగబడుతుంది. గడ్డకట్టిన పొరపై జారిపోతుంది. ఈ రెండు ఇబ్బందులకూ మందు ఒక్కటి కాదు.

దిగబడటం వెనక లెక్క సరళమైనదే. 70 కిలోల మనిషి 15 కిలోల సంచి మోస్తున్నాడనుకుంటే, అడుగు వేసిన ప్రతిసారీ 85 కిలోల బరువు ఒకే పాదంపై పడుతుంది. బూటు అడుగుభాగం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. ఆ ఒత్తిడికి మెత్తని మంచు నిలవదు. మోకాలి వరకు, ఒక్కోసారి తొడ వరకు కాలు కూరుకుపోతుంది. దాన్ని పైకి లాగి, మళ్లీ ముందుకు వేసి, మళ్లీ కూరుకుపోయి నడిస్తే కిలోమీటరుకే మనిషి డీలాపడతాడు. స్నోషూ చేసే పని ఆ బరువును పరచడం. బూటుకు కట్టుకొనే ఈ వెడల్పాటి పలక విస్తీర్ణం సుమారు 1,200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అదే 85 కిలోలు దాదాపు ఐదింతల వైశాల్యంపై పడటంతో ఒత్తిడి ఐదోవంతుకు తగ్గుతుంది. మనిషి పూర్తిగా తేలిపోడు, కొన్ని అంగుళాలు మాత్రమే దిగుతాడు. నడక సాధ్యం కావడానికి ఆ తేడా చాలు.

ఈ ఆలోచన చాలా పాతది. ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులోని ఆల్ప్స్ హిమానీనదంపై, 3,134 మీటర్ల ఎత్తున 2003లో దొరికిన ఒక స్నోషూ దాదాపు 5,800 ఏళ్ల నాటిదని తర్వాత తేల్చారు. బర్చ్ కొమ్మను గుండ్రంగా వంచి తాళ్లతో అల్లిన పరికరమది. ఉత్తర అమెరికా ఆదివాసులు చెక్క చట్రానికి తోలుతాళ్లు అల్లి, ఈ విద్యను గొప్ప నైపుణ్యానికి తీసుకువెళ్లారు. భారతదేశంలోని కొండప్రాంతాల్లోనూ మంచుకాలపు పాదరక్షలు వేరేగా ఉండేవి. కశ్మీరులో వరిగడ్డితో పేనిన ‘పుల్‌హోర్’ చెప్పులు మంచుపై జారకుండా పాదాన్ని పట్టి ఉంచేవి.

మంచుకు, పాదానికి ఉన్న తగవు తెలుగు సాహిత్యానికీ కొత్త కాదు. అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి చేరుకుంటాడు. మంచునీటికి ఆ లేపం కరిగిపోయాక తిరిగివచ్చే దారి లేక చిక్కుకుపోతాడు. కథ అక్కడి నుంచి వేరే మలుపు తీసుకుంటుంది గాని, పాదరక్షపైనే భరోసా పెట్టుకుని బయల్దేరిన యాత్రికుడి అవస్థగా చూస్తే అది ఈనాటికీ పాతబడలేదు.

ముళ్ల పట్టీనా, స్నోషూనా?

కేదార్‌కాంఠా వంటి రద్దీ దారుల్లో రోజూ వందల పాదాలు తొక్కడంతో మంచు గట్టిపడి ఉంటుంది. అక్కడ అసలు సమస్య దిగబడటం కాదు, జారడం. అందుకే బూటు కింద గొలుసులా తొడుక్కొనే చిన్న ఇనుపముళ్ల పట్టీలు సరిపోతాయి. నిర్వాహకులు ఎక్కువగా ఇచ్చేవి అవే. మోకాలి కింద చుట్టుకొనే గేటర్లు మంచు బూటులోకి పోకుండా ఆపుతాయి.

రాత్రికి రాత్రి రెండడుగుల మంచు కురిసినా, తొక్కిన దారి నుంచి పక్కకు వెళ్లాల్సి వచ్చినా పట్టీలు పనికిరావు. స్నోషూ అవసరం కనిపించేది అప్పుడే. నున్నటి గట్టి వాలుపై మాత్రం స్నోషూ కూడా ప్రమాదమే. ముఖ్యంగా వాలుకు అడ్డంగా నడిచేటప్పుడు అది పక్కకు జారుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి నడవడం, వెనక్కి అడుగు వేయకుండా అర్ధచంద్రాకారంలో తిరగడం, చేతికర్రల అడుగున వెడల్పాటి బిళ్లలు ఉండేలా చూసుకోవడం ఒక పూటలో అలవడతాయి. ముందు నడిచేవాడు దారి తొక్కుతాడు, అతనికే శ్రమ ఎక్కువ. కాబట్టి బృందంలో వంతులవారీగా ముందుకు రావడం మర్యాదే కాదు, అవసరం కూడా.

చెట్టు నీడలో దాగిన గొయ్యి

బయలు కంటే అడవి క్షేమమన్న నమ్మకం చాలామందిలో ఉంటుంది. కొంతవరకు నిజమే. చెట్లు గాలిని విరుస్తాయి, మంచును వాలుపై పట్టి ఉంచుతాయి. కానీ ఫర్ వంటి సూదిమొన ఆకుల చెట్లకు కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. అవి గొడుగులా మంచును ఆపేస్తాయి. దాంతో చుట్టూ మీటరు మందాన మంచు పేరుకున్నా, మొదలు దగ్గర ఖాళీ గొయ్యి మిగిలిపోతుంది. పైన కొమ్మలు, పలుచటి మంచు కప్పేయడంతో అది కంటికి కనిపించదు. అందులో తలకిందులుగా పడిన మనిషి తనంత తాను బయటికి రావడం దాదాపు అసాధ్యం. కదిలిన కొద్దీ పైనుంచి మంచు రాలి ఊపిరి సలపనివ్వదు. అందువల్లే లోతైన మంచులో కొమ్మలు నేలను తాకుతున్న చెట్లకు దూరంగా నడవాలంటారు. ముందూ వెనకా తోడుండే మనిషి కనుచూపు దాటకూడదంటారు.

అసలు శత్రువు చెమట

మైదానం నుంచి వచ్చినవారికి వింతగా తోచేది ఇదే: గడ్డకట్టే చలిలో జాగ్రత్తపడాల్సింది చెమట గురించి. ఎక్కుడు మొదలైన పది నిమిషాలకే ఒళ్లు వేడెక్కుతుంది. ఊరి నుంచి తెచ్చుకున్న ఉన్నికోటు, దాని కింద స్వెటరు, దాని కింద నూలు బనీను అన్నీ వేసుకొని ఎక్కితే లోపలి బట్ట తడిసిపోతుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. నడుస్తున్నంతసేపు అది తెలియదు. శిబిరానికి చేరి కూర్చున్న క్షణం నుంచి ఆ తడిబట్టే శరీరాన్ని చల్లార్చడం మొదలుపెడుతుంది.

నూలు తడిని పట్టి ఉంచుతుంది, త్వరగా ఆరదు. ఎండలో తెలుగువారికి నేస్తమైన నూలుబట్ట మంచులో శత్రువయ్యేది అందుకే. జీన్స్ ప్యాంటు మరీ కీడు. ఒంటికి తగిలే పొర ఉన్నిదో, త్వరగా ఆరే కృత్రిమ దారంతో చేసినదో కావాలి. దానిపై వేడిని పట్టే మందపాటి పొర, ఆపైన గాలిని, తడిని ఆపే పొర ఉండాలి. నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలిగా అనిపించేంత తక్కువ బట్టలతో బయల్దేరడం, ఆగిన వెంటనే వెచ్చని పొర వేసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. రాత్రి నిద్రకు ఒక పొడి జత బట్టలు, సాక్సులు సంచి అడుగున భద్రంగా ఉండాలి. ఏం జరిగినా వాటిని నడకకు వాడకూడదు.

గాలి తోడైతే చలి స్వరూపమే మారిపోతుంది. ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, బయటకు కనిపించే చర్మానికి అది మైనస్ 20 డిగ్రీల చలితో సమానం.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిపోవడాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. అది దొంగలా వస్తుంది. మొదట విపరీతమైన వణుకు. తర్వాత వేళ్లు జిప్పును కూడా లాగలేవు. మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది. మనిషి చిరాకుపడతాడు, లేదా ‘నన్ను వదిలేయండి, బాగానే ఉన్నా’నంటాడు. ఆ మాటను నమ్మకూడదు, ఎందుకంటే నిర్ణయం తీసుకొనే శక్తి అప్పటికే మందగించి ఉంటుంది. వణుకు ఆగిపోవడం కోలుకుంటున్నట్లు కాదు, ప్రమాదం ముదిరినట్లు. అలాంటివారిని గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు మార్చి, కింద కూడా మందంగా పరిచి, నిద్రసంచిలో చుట్టాలి. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వేడి పానీయం ఇవ్వాలి. చేతులు, కాళ్లు గట్టిగా రుద్దకూడదు. చలికి ఒక గుక్క మద్యం మంచిదన్న మాట ఎక్కడ పుట్టిందో గాని, దాని వల్ల చర్మానికి రక్తం ఎక్కువగా చేరి వెచ్చదనపు భ్రమ కలుగుతుంది, లోపలి వేడి మరింత వేగంగా పోతుంది. వేళ్లు, ముక్కు, చెవులు తెల్లబారి స్పర్శ కోల్పోతే అక్కడ మంచుతో రుద్దే పాత పద్ధతీ హానికరమే.

గుడారంలో రాత్రి

చల్లగాలి బరువైనది. రాత్రివేళ నీటిలాగే పల్లానికి జారి లోయ అడుగున నిలుస్తుంది. కాబట్టి వాగు ఒడ్డున కంటే కాస్త ఎత్తున, చెట్ల మధ్య వేసిన గుడారంలో చలి తక్కువ. అయితే పైన ఎండిపోయిన చెట్టుగాని, మంచు బరువుతో వంగిన పెద్ద కొమ్మగాని లేదని చూసుకోవాలి. గుడారం వేయబోయే చోట మంచును బాగా తొక్కి, అరగంట అలా వదిలేస్తే గట్టిపడుతుంది. తొక్కకుండా వేస్తే ఒంటి వేడికి కింద గుంత పడి, తెల్లారేసరికి నిద్రపోయినవారు దాంట్లో ముడుచుకొని ఉంటారు.

కేదార్‌కాంఠా శిబిరాల్లో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 5 నుంచి 10 డిగ్రీలకు పడిపోవడం మామూలే. మందపాటి నిద్రసంచి ఉంటే చాలని అనుకొనేవారు దాని కింద పరిచే చాపను పట్టించుకోరు. ఒంటి బరువుకు నిద్రసంచి అడుగుభాగం నలిగిపోయి, అందులోని గాలి పోతుంది. అప్పుడు మంచుకు, మనిషికి మధ్య మిగిలేది ఆ చాప ఒక్కటే. నురుగుతో చేసిన చాపలు రెండు పరచుకోవడం ఖరీదైన నిద్రసంచి కంటే ఎక్కువ మేలు చేస్తుంది. పడుకోబోయే ముందు కాస్త తిని, వేడినీటి సీసా కాళ్ల దగ్గర పెట్టుకుంటే రాత్రి గడుస్తుంది. మర్నాడు ఉదయం తాగడానికి అదే నీరు.

గుడారాన్ని పూర్తిగా మూసేయాలన్న ఆత్రుత సహజం. కానీ ఊపిరిలోని తేమ బయటికి పోయే దారి లేకపోతే అది లోపలి గోడపై మంచుపొరగా పేరుకొని, తెల్లవారుజామున ముఖంపై రాలుతుంది, నిద్రసంచిని తడిపేస్తుంది. పైన గాలికంత తెరిచే ఉంచాలి.

దీనికంటే పెద్ద కారణం మరొకటి ఉంది. గుడారంలో గాని, మూసిన గదిలో గాని పొయ్యి, బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్ వెలిగించి పడుకోవడం మరణాన్ని పిలవడమే. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక రిసార్టు గదిలో కేరళకు చెందిన ఎనిమిది మంది పర్యాటకులు చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు. చలికి తట్టుకోలేక గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకొని, తలుపులు, కిటికీలు మూసుకొని పడుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషిని అది లేపదు.

వంట గుడారం బయటే ఉండాలనడానికి కారణం అదే. అక్కడా చలి తన వాటా అడుగుతుంది. సాధారణ గ్యాస్ డబ్బాల్లో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ కలిపిన చలికాలపు డబ్బాలో, కిరోసిన్ పొయ్యో కావాలి. మంచును కరిగించి నీరు చేసుకోవడం వినడానికి తేలిక. కిలో మంచును కరిగించడానికే 80 కిలోకేలరీల వేడి పడుతుంది, ఆ తర్వాతే నీరు వేడెక్కడం మొదలవుతుంది. ఉత్త మంచును గిన్నెలో వేసి మంట పెడితే అడుగు మాడుతుంది. ముందు కాసిని నీళ్లు పోసి, మంచును కొద్దికొద్దిగా వేయాలి. దాహమేసి మంచు తింటే ఆ 80 కిలోకేలరీలను శరీరమే చెల్లించుకోవాలి. 2,800 మీటర్ల ఎత్తున నీరు 90 డిగ్రీల చేరువలోనే మరిగిపోతుంది గనుక, కుక్కర్ లేకుండా పప్పు ఉడికించాలనుకొనే తెలుగువారికి అక్కడ నిరాశే.

ఎత్తు, ఊపిరి

కేదార్‌కాంఠా శిఖరం వద్ద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో 63 శాతం మాత్రమే. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్రలేమి ఎవరికైనా రావచ్చు. వయసు, దేహదారుఢ్యం దీన్ని ఆపలేవు. మూడువేల మీటర్ల పైన నిద్రించే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యుల సూచన. తలనొప్పి ఉండగా పైకి వెళ్లకూడదు. పడుకున్నా ఆయాసం తగ్గకపోయినా, నడక తూలుతున్నా వెంటనే కిందికి దించాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

వాలు ఎప్పుడు జారుతుంది?

మంచుచరియలంటే ఎవరెస్టు దారుల్లో మాత్రమే విరిగిపడేవన్న అభిప్రాయం ఉంది. 2023 ఏప్రిల్‌లో సిక్కింలోని నాథూ లా దారిలో చనిపోయిన ఏడుగురు పర్వతారోహకులు కారు, మామూలు పర్యాటకులు. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా వద్ద రహదారి కార్మికుల శిబిరంపై మంచుచరియ పడి ఎనిమిది మంది మరణించారు. అక్కడ కార్మికులు ఉంటున్నవి ఇనుప కంటైనర్లు. 46 మందిని సజీవంగా బయటికి తీయగలిగారు. బట్ట గుడారాలైతే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు.

చాలా చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో, భారీగా మంచు కురిసిన ఒకటి రెండు రోజుల్లోపే కదులుతాయి. పాత పొరపై కొత్త పొర ఇంకా అతుక్కోకముందే దానిపై మనిషి అడుగుపడితే పలకంతా ఒక్కసారిగా జారుతుంది. వినోదయాత్రల్లో ప్రాణాలు తీసిన చరియల్లో అత్యధికం బాధితులో, వారి బృందంలోనివారో కదిలించినవే. దట్టమైన అడవి మంచును పట్టి ఉంచుతుంది. అడవి మధ్యలో చెట్లులేని నిలువు చార కనిపించినా, చెట్లకు వాలు ఎగువవైపు కొమ్మలు తెగిపోయి ఉన్నా, అది చరియ రోజూ కాకపోయినా అప్పుడప్పుడు నడిచే బాట. గుడారానికి అలాంటి చోటు పనికిరాదు. మంచు కింద కూరుకుపోయినవారిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. ఆ వ్యవధిలో హెలికాప్టర్ రాదు. పక్కనున్నవారి చేతిలో పార, మంచులో గుచ్చి చూసే కడ్డీ, సంకేతాలు పంపే పరికరం ఉంటేనే ఆ నిమిషాలకు విలువ.

చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ ‘డీజీఆర్ఈ’ పశ్చిమ, మధ్య హిమాలయ జిల్లాలకు చలికాలంలో మంచుచరియల హెచ్చరికలు జారీ చేస్తుంది. వాతావరణ శాఖ హిమపాత సూచనలు ఇస్తుంది. రెండూ బహిరంగంగా అందుబాటులో ఉంటాయి. నిర్వాహకుడిని యాత్ర ధర, భోజనంలో వడ్డించే పదార్థాల జాబితా అడిగేవారు ఎక్కువ. ఏ పరిస్థితిలో యాత్రను ఆపేస్తారు, ఆ నిర్ణయం ఎవరిది, ఒక్కో మార్గదర్శికి ఎంతమంది, ప్రాణవాయువు సిలిండరు వెంట ఉంటుందా అని అడిగేవారు తక్కువ. శిఖరానికి తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బయల్దేరదీయడం సూర్యోదయం చూపించడానికే అనుకుంటారు. అప్పటికి మంచు గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే మెత్తబడి వాలులు బలహీనమవుతాయి. ఆ వేళకల్లా దిగిపోవాలన్నది అసలు కారణం.

అడవి భరించేదెంత?

గోవింద్ అభయారణ్యం 1955లో ఏర్పడింది. మంచు చిరుతకు, కస్తూరి జింకకు, నల్ల ఎలుగుకు, రంగురంగుల మోనాల్ పక్షికి అది నెలవు. చలికాలం వాటికి కరవుకాలం. మేత తక్కువ, లోతైన మంచులో ఒక్కో పరుగుకు ఖర్చయ్యే శక్తి ఎక్కువ. ఫోటో కోసం వెంటబడితే అదిరి పారిపోయిన జంతువు ఆ శక్తిని మళ్లీ కూడగట్టుకోవడానికి రోజులు పట్టవచ్చు. ప్రవేశానికి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. చలిమంటకు కొమ్మలు నరకడం చట్టవిరుద్ధమే కాదు, ఆ ఎత్తుల్లో చెట్టు పెరిగే వేగాన్ని చూస్తే తీరని నష్టం.

ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో బుగ్యాళ్లుగా పిలిచే ఎత్తైన పచ్చికబయళ్లలో రాత్రి బసను నిషేధించింది, సందర్శకుల సంఖ్యను రెండు వందలకు పరిమితం చేసింది. యాత్రల నిర్వాహకులకు, వాటిపై బతికే గ్రామస్థులకు ఆ తీర్పు పెద్ద దెబ్బ. సాంక్రీ వంటి ఊళ్లలో మార్గదర్శులు, కూలీలు, కంచరగాడిదల యజమానులు, ఇళ్లలో బస ఇచ్చేవారు చలికాలపు రాబడితోనే ఏడాది గడుపుకొనే పరిస్థితి వచ్చింది. ఒకప్పుడు ఆ నెలల్లో వారికి పని లేదు. కాబట్టి జనం రావద్దనడం తేలిక పరిష్కారంలా కనిపించినా, న్యాయమైనది కాదు. ఎంతమంది, ఎక్కడ, ఎలా అన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

పైగా మంచే తగ్గుతోంది. మధ్యధరా ప్రాంతం నుంచి తేమను మోసుకొచ్చే పశ్చిమ అలజడులే హిమాలయాల్లో చలికాలపు హిమపాతానికి ఆధారం. 2024 జనవరిలో గుల్‌మార్గ్ వాలులు మంచులేక బోసిపోయాయి. ఖాట్మండూ కేంద్రంగా పనిచేసే ఇసిమోడ్ సంస్థ లెక్క ప్రకారం 2024 నవంబరు నుంచి 2025 మార్చి వరకు హిందూకుష్ హిమాలయాల్లో మంచు నిలిచిన తీరు మామూలు కంటే 23.6 శాతం తక్కువ. 23 ఏళ్లలో అదే కనిష్ఠం. మంచు తగ్గితే యాత్ర తేలిక అవుతుందనుకోవడం పొరపాటు. పలుచని మంచు చలిరాత్రుల్లో అడుగుపొరన చక్కెర పలుకుల్లా విడివిడి గింజలుగా మారుతుంది. ఆ బలహీనమైన పునాదిపై తర్వాత ఒక్కసారిగా భారీ మంచు కురిస్తే, చరియలు జారేది అలాంటి ఏడాదే.

శిబిరాల్లో మరుగుదొడ్ల కోసం మంచులో తవ్వే గుంతల సంగతి ప్రకటనల్లో కనిపించదు. గడ్డకట్టిన నేలలో ఏదీ కుళ్లదు. జనవరిలో పూడ్చిన మలం, పారేసిన తడి కాగితాలు, ప్లాస్టిక్ సంచులు ఏప్రిల్ దాకా ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. కొందరు నిర్వాహకులు చెత్తను మూటగట్టి కిందికి దించుతున్నారు. తక్కినది మంచు కరిగే రోజుల్లో బయటపడి, వాగుల్లో దిగి, సాంక్రీ కింద ఊళ్లవారు తాగే నీటిలో కలిసి, టోన్స్ నది మీదుగా యమునకు చేరుతుంది.